సముద్రపు దొంగలకు కల్లు దుకాణం

పెద్ద హోటళ్ళలో తప్ప బయట మద్యం చుక్క కనిపిస్తే జైలుకు పంపే దేశంలో నేను ఒక సారాయి దుకాణం నడిపాను. అదీ సముద్రపు దొంగల కోసం. ఈ సంగతి ఫోన్లో చెబితే మా ఆవిడ మళ్ళీ ఎండదెబ్బ తగిలిందా అని అడిగింది. మా అమ్మకైతే ఖతర్ అన్నా కువైట్ అన్నా అంతా దుబాయే. దుబాయ్‌లో దొంగలు కూడా ఉంటారని ఆమెకు అప్పటిదాకా తెలియదు. నిజం దొంగలు కాదమ్మా, వారమంతా ఏసీ ఆఫీసుల్లో పని చేసి సెలవు రోజున గడ్డాలు అంటించుకునే దొంగలు అని వివరించాను. అది విన్నాక ఆమె బెంగ ఇంకా ఎక్కువైంది.

మా ఆవిడ ఎండదెబ్బ గురించి ఊరికే అడగలేదు. అప్పటికి నేను ఖతర్ రాజధాని నడిబొడ్డున, ముషైరిబ్‌లో స్టీల్ ఫిక్సర్‌ని. అంటే పొద్దంతా నడుం వంచి ఇనుప చువ్వలను తీగతో ముడివేసి కట్టడం. గ్యాస్ డబ్బు, చమురు డబ్బు పొంగి పొర్లుతున్న రోజులవి. ఎటు చూసినా క్రేన్లే. ముషైరిబ్‌లో పాత ఇళ్ళన్నీ కూలగొట్టి, ఆ చోటనే కొత్తవి కట్టి, అవి పాతవాటిలా కనపడాలని గోడలకు మట్టిరంగు పూయించేవారు. అంత దూరం తిరిగి వచ్చే బదులు పాతవాటినే ఉంచుకోవచ్చు కదా అని మాకు అనిపించేది కానీ, అలా అనిపించినందుకు జీతం ఎవరిస్తారు? ఎండాకాలంలో చువ్వలు తొడుగుల్లోంచి కూడా కాలేవి. ఒకరోజు వాటి మీదే కళ్ళు తిరిగి పడ్డాను. అప్పటినుంచి నాకు ఒకటే కోరిక. జీతం పెరగకపోయినా సరే, నీడలో పని కావాలి.

ఆ నీడ మా ఫోర్‌మన్ రూపంలో వచ్చింది. ఆయనది హైదరాబాద్ పాతబస్తీ. అందరం భాయ్ అని పిలిచేవాళ్ళం. మా కంపెనీకి ఉత్సవాల్లో గుడారాలు, కొయ్య కట్టడాలు వేసే పనులు కూడా ఉండేవి. ఆ చలికాలం ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ అనే ఊరి అవతల సముద్రం ఒడ్డున మూడు వారాలపాటు సముద్రపు దొంగల శిబిరం వేస్తున్నారనీ, అందులో పాతకాలపు సారాయి దుకాణం ఒకటి ఉంటుందనీ, దాన్ని నడపడానికి అనుభవం ఉన్న మనిషి కావాలనీ భాయ్ చెప్పాడు. మేముండే కూలీల క్యాంపులో ఎవరూ ముందుకు రాలేదు. అనుభవం ఉందని చెబితే తాగుబోతు అని రాసుకుంటారేమోనని అందరికీ భయం.

నేను చెయ్యెత్తాను. మాది కల్లు కాంపౌండ్. మా తాత ఈత చెట్లు గీసేవాడు, మా నాన్న గీసేవాడు, నేను పదో తరగతి తప్పాక లొట్టిలోంచి, అంటే కల్లు కుండలోంచి, గ్లాసులోకి నురగ పొంగకుండా వంచడంలో ఊళ్ళో పేరు తెచ్చుకున్నాను. పని బాగా చేస్తే క్యాటరింగ్ విభాగంలోనే ఉంచేస్తారని భాయ్ అన్నాడు. అది వంటగది, మీద కప్పు, కింద గచ్చు. నాకు అంతకంటే స్వర్గం అక్కర్లేదు.

శిబిరానికి పెద్ద ఒక ఇంగ్లీషాయన. గ్యాస్ కంపెనీలో పైపుల ఒత్తిడి చూసే ఇంజినీరు. అక్కడ మాత్రం అందరూ ఆయన్ని కెప్టెన్ అనాలి. మూడువందల ఏళ్ళ కిందటి లోకంలో లేనిదేదీ శిబిరంలో కనపడకూడదని ఆయన పట్టు. ప్లాస్టిక్ సీసా చూస్తే మొహం ఎర్రబడేది. అగ్గిపెట్టెలు వద్దు, చేతి గడియారాలు వద్దు, మంట ఆర్పే ఎర్ర సిలిండర్ అసలే వద్దు. దాన్ని గోనెసంచిలో చుట్టి నా బల్ల కింద దాచాడు. జనరేటర్ మాత్రం ఉండొచ్చు, దుప్పటి కప్పితే చాలు. ఆయన జేబులోని ఫోన్ సంగతి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

దుకాణాన్ని మేమే కట్టాం. కొత్త ప్లైవుడ్ తెచ్చి, గ్యాస్ మంటతో అక్కడక్కడా కాల్చి, టీ డికాషన్ పూసి పాతగా చేశాం. ముషైరిబ్‌లో నేర్చిన విద్య ఇక్కడ పనికొచ్చింది. నాకు చిరిగిన చొక్కా, తలకు రుమాలు, ఒక కంటికి నల్లగుడ్డ ఇచ్చారు. రెండు కళ్ళూ బాగానే ఉన్నవాడు ఒక్క కంటితో పానకం పోస్తే సగం గ్లాసులో పడుతుంది, సగం బల్ల మీద పడుతుంది. కెప్టెన్ దానికే ముచ్చటపడి, దుకాణం సహజంగా ఉందని మెచ్చుకున్నాడు.

ఇక సరుకు, పేరుకే సారాయి. ఖర్జూరపు పాకంలో నీళ్ళు కలిపి, నిమ్మకాయ పిండి, అల్లం దంచి వేస్తే అది రమ్ము. చింతపండు పులుసులో బెల్లం కలిపితే అది ఇంకేదో. రెండూ కొయ్య పీపాల్లోనే ఉండాలి. ఐసు మూడువందల ఏళ్ళ కింద లేదు కాబట్టి ఐసు లేదు. పీపాలు సబ్బుతో కడగకూడదు, కొయ్యకు సబ్బు వాసన పడుతుంది. ఈ చివరి నియమం నాకు కొత్తేమీ కాదు. మా ఇంట్లో కల్లు లొట్టిని తోమితే మా నాన్న ఊరుకునేవాడు కాదు. అడుగున కాస్త మడ్డి మిగలాలి. మర్నాడు పోసిన కల్లు దానివల్లే పొంగుతుంది. అందుకని రోజూ పొద్దున పీపాలో కొత్త పానకం పోసేటప్పుడు అడుగు మడ్డిని అలాగే వదిలేసేవాణ్ణి. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. చెయ్యి అలా అలవాటుపడింది.

చేతికి ఇంకో అలవాటు కూడా ఉంది. మా దగ్గర మొదటి గ్లాసు మనిషికి పొయ్యం. లొట్టి తెరిచాక నాలుగు చుక్కలు నేల మీద ఎల్లమ్మకు సాక పోస్తాం. మా నాన్న అప్పుడు ఒక మాట గొణిగేవాడు, "తల్లీ, నీ వంతు నీకు, మా వంతు మాకు" అని. మొదటిరోజు పీపా తెరిచి నేను కూడా అలాగే నాలుగు చుక్కలు ఇసుకలో వదిలి ఆ మాట గొణిగాను. తల ఎత్తేసరికి ఎదురుగా కెప్టెన్. తన పుస్తకాల్లో లేని పని ఏది చేసినా ఊరుకోడని విన్నాను. నా నీడ ఆ చుక్కలతోనే పోయిందనుకున్నాను.

ఏం చేశావని అడిగాడు. నా ఇంగ్లీషు ఎల్లమ్మ దాకా పోదు. భాయ్ పక్కకొచ్చి చెవిలో అన్నాడు: "అమ్మవారి పేరు నక్కో భాయ్, వద్దు. సముద్రానికి అని చెప్త నేను."

అలాగే చెప్పాడు. తిరిగిరాని నావికుల కోసం సముద్రానికి ఇచ్చే వంతు అని ఇంకొంచెం కలిపి చెప్పాడు. కెప్టెన్ కళ్ళల్లో నీళ్ళు ఒక్కటే తక్కువ. ఇన్నేళ్ళుగా పుస్తకాలు తిరగేస్తున్నా ఇంత అచ్చమైన ఆచారం తనకు దొరకలేదన్నాడు. ఈ తీరపు నావికుల దగ్గర నేర్చుకున్నావా అని నన్ను అడిగాడు. మా ఊరికి సముద్రం రైల్లో ఒక రాత్రి ప్రయాణం. నేను తల ఊపాను.

మర్నాటికల్లా చెక్క పలక మీద రంగు అక్షరాలతో ఆ ఆచారం ఎక్కింది. ప్రతి దొంగా తాగే ముందు నాలుగు చుక్కలు ఇసుకలో పోసి, సముద్రం వైపు తిరిగి ఏదో గంభీరంగా అనాలి. బ్యాంకు మేనేజర్లు, బడి పంతుళ్ళు, ఒక పళ్ళ డాక్టరు, అందరూ మా ఎల్లమ్మకు సాక పోశారు. వచ్చిన ఇబ్బందల్లా చీమలతోనే. తియ్యటి పానకం ఇన్ని చుక్కలు పడేసరికి శిబిరంలో ఉన్న చీమలన్నీ నా బల్ల ముందుకు చేరాయి. కెప్టెన్ వాటిని ఏమీ అనలేదు. చీమలు మూడువందల ఏళ్ళ కింద కూడా ఉన్నాయట.

ఆ పానకం తాగి వాళ్ళు తాగినట్టు నటించేవారు. అది చూడటం నాకు కష్టంగా ఉండేది. ఊగడం, పాటలు, బల్ల మీద గుద్దడం, ఒకరి మీద ఒకరు పడటం. తాగినవాడు అలా ఉండడు. నేను పుట్టి పెరిగింది వాళ్ళ మధ్యలో. నిజంగా ఎక్కినవాడు ఊగకుండా ఉండటానికి నానా తంటాలు పడతాడు. గ్లాసును రెండు చేతులతో జాగ్రత్తగా కింద పెడతాడు. ఒక మూల కూర్చుని, పక్కవాడిని దగ్గరికి పిలిచి, మెల్లగా నిజం మాట్లాడతాడు. పెళ్ళాన్ని కొట్టానని ఏడ్చినవాళ్ళనూ, అన్న పొలం గట్టు జరిపానని ఒప్పుకున్నవాళ్ళనూ చూశాను. అందుకే మా కాంపౌండ్‌లో ఒక కట్టుబాటు ఉంది. లొట్టి దగ్గర అన్న మాట తెల్లారి ఎత్తకూడదు. ఎత్తితే దుకాణం నడవదు, ఊరూ నడవదు. ఆ కట్టుబాటు తప్పినవాడికి మా నాన్న మళ్ళీ కల్లు పోసేవాడు కాదు.

రెండో వారంలో ఎండ కాస్త ఎక్కువగా కాసింది. జనం తగ్గారు, పీపాలో సరుకు మిగిలిపోయింది. నేను మిగిలినదాని మీదే కొత్తది పోస్తూ వచ్చాను. ఒక సాయంత్రం కెప్టెన్ వచ్చి ఖర్జూరపు రమ్ము అడిగాడు. రోజుకన్నా బాగుందన్నాడు. నురగ కూడా అచ్చంగా ఉందన్నాడు. నాకు సంతోషమేసింది. మూడో గ్లాసు, నాలుగో గ్లాసు అయ్యాయి. మిగతా దొంగలు కూడా అదే అడిగారు.

కాసేపటికి శిబిరంలో చప్పుడు తగ్గింది. పాటలు ఆగిపోయాయి. పళ్ళ డాక్టరు ఒక పెట్టె మీద కూర్చుని పక్కనున్నాయనతో చాలా మెల్లగా ఏదో చెబుతున్నాడు. పక్కనున్నాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. కెప్టెన్ తన గ్లాసును రెండు చేతులతో, ఎంతో జాగ్రత్తగా, నా బల్ల మీద పెట్టాడు.

అలాంటి చేతులను నేను మా కాంపౌండ్‌లో ఎన్నో చూశాను.

ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. నిదానంగా మాట్లాడాడు కాబట్టి నాకు అర్థమైంది. తనకు ఈ గడ్డం దురద పుడుతుందట. పైపులంటే విసుగట. భార్య పిల్లలను తీసుకుని వెళ్ళిపోయిందట, సెలవు రోజున ఇంట్లో ఒక్కడే ఉండలేక ఈ దొంగల వేషం మొదలుపెట్టాడట. నన్ను చూస్తే ఊరట అట. చివరికి నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు: "నిన్ను మళ్ళీ ఆ ఇనుము దగ్గరికి పంపను. నాకు మాటిచ్చే అధికారం ఉంది. మా కంపెనీ మెస్‌లో పెట్టిస్తాను."

ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసిన మాట అది. కానీ సంతోషించే తీరికెక్కడిది? పీపా మూత తీసి ముక్కు పెట్టాను. కళ్ళు మూసుకుంటే మా కాంపౌండే. పొద్దెక్కిన ఈత కల్లు వాసన అచ్చంగా అదే. ఈతకూ ఖర్జూరానికీ చుట్టరికం ఉంది కదా, మడ్డి తన పని తాను చేసింది. తాతల నాటి విద్య అడగకుండానే వచ్చి నా నెత్తిన కూర్చుంది. ఇరవై మంది పెద్దమనుషులకు నేను నిజం కల్లు తాగించాను.

భాయ్‌ని పిలిచి వాసన చూపించాను. ఆయన పుట్టి ఎన్నడూ ముట్టనివాడు, అయినా ఆయనకు అర్థమైంది. ఈ సంగతి బయటపడితే ఇద్దరం ఇంటికి పోతాం, అదీ జైలు మీదుగా. చెత్త బండిలో పారబోద్దామా, సముద్రంలో కలుపుదామా అని ఆలోచిస్తుండగానే శిబిరం గేటు దగ్గర తెల్ల దుస్తుల్లో ఒక అధికారి దిగాడు. అప్పుడప్పుడూ తనిఖీకి వచ్చేవాళ్ళలో ఒకరు. వెంట ఒక గుమస్తా. నేరుగా నా దుకాణం వైపే నడుస్తున్నారు. పీపాను దాచే చోటు లేదు, ఎత్తుకుపోయే తీరికా లేదు.

ఆ క్షణాన నాకు వేరే ఏ తెలివీ తోచలేదు. సాక ఒక్కటే తోచింది. బల్ల మీదికెక్కి, దుకాణానికి వేలాడదీసిన చిన్న గంట మోగించి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో ఈరోజు సముద్రానికి పెద్ద వంతు అని అరిచాను. తర్వాత దిగి పీపాను తన్ని పడేశాను.

దొంగలందరూ లేచి నిలబడ్డారు. జాగ్రత్తగా, ఊగకుండా. టోపీలు తీసి గుండెల మీద పెట్టుకున్నారు. నల్లటి రమ్ము బుసబుసమని ఇసుకలోకి ఇంకిపోయింది. నేను ఆ పూట గొణగలేదు, గట్టిగానే అన్నాను, తల్లీ నీ వంతు నీకు అని. మా వంతు సంగతి అప్పుడు ఎత్తలేదు. కెప్టెన్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంత గొప్ప దృశ్యం తన శిబిరంలో జరుగుతుందనుకోలేదట.

అధికారి వచ్చేసరికి తడి ఇసుక మిగిలింది. ఆయన పెద్దమనిషి, నెమ్మదస్తుడు. ఏమిటిదని అడిగితే భాయ్ అరబ్బీలో ఖర్జూరపు పానకం అని చెప్పాడు. అది అబద్ధం కాదు, మూడు రోజుల కిందటి నిజం. గాలి సముద్రం వైపు తిరగడం నా అదృష్టం. నేను రెండో పీపాలోంచి చింతపండు పానకం పోసిచ్చాను. దాన్ని అదే పొద్దున కలిపాను. ఆయన తాగి బాగుందన్నాడు. మనుషులు ఇంత నిశ్శబ్దంగా, ఇంత మర్యాదగా ఉన్న ఉత్సవం తాను చూడలేదని కూడా అన్నాడు. ఆయన పట్టుకున్న తప్పు ఒక్కటే, మంట ఆర్పే సిలిండర్ కనపడటం లేదని. నేను బల్ల కిందినుంచి గోనెసంచి తీసి చూపించాను. గోనె విప్పి గోడకు తగిలించమని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు రెండు పీపాలనూ వేడినీళ్ళతో, సబ్బుతో, పీచుతో, మా నాన్న చూస్తే ఏమనుకునేవాడో అనుకుంటూ తోమాను. లోపల సున్నం పూసి ఆరబెట్టి మళ్ళీ కడిగాను. ఆనాటినుంచి పానకం పానకంలాగే ఉంది. దొంగలు మళ్ళీ ఊగడం, బల్లలు గుద్దడం మొదలుపెట్టారు. శిబిరంలో ఎవరూ నిజం మాట్లాడలేదు.

కెప్టెన్ గడ్డం సర్దుకుంటూ వచ్చి నన్ను ఎప్పటిలాగే పలకరించాడు. మెస్ మాట ఎత్తలేదు. మర్నాడు కూడా ఎత్తలేదు. ఆయనకు గుర్తులేదో, గుర్తుండీ సిగ్గుపడ్డాడో ఇప్పటికీ తెలియదు. ఒక గ్లాసు తాగి మొహం చిట్లించి, చేతివాటం తగ్గిందన్నాడు, మొన్నటి రుచి లేదన్నాడు.

భాయ్‌కి కోపం వచ్చింది. "పోయి అడుగు. నీ భుజం మీద చెయ్యేసి చెప్పిండు కదా. నేను పక్కనుంచి విన్న, సాక్ష్యం ఉన్న."

"లొట్టి కాడ అన్న మాట అది భాయ్," అన్నాను. "తెల్లారినంక ఎత్తొద్దు."

ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. నిజంగానే రెండుసార్లు కెప్టెన్ గుడారం దాకా వెళ్ళి తిరిగొచ్చాను. అడిగితే ఏమని అడగాలి? మీరు ఫలానా రోజు మాటిచ్చారు అంటే, ఆ రోజు తనకు ఏమైందని ఆయన ఆలోచిస్తాడు. కానీ భయం ఒక్కటే కాదు. మనిషి ఒంటరితనం చెప్పుకున్న చోటునుంచి నాకు కావలసింది ఏరుకోవడం మా ఇంట్లో లేదు. లోపల మాత్రం మండిపోయింది. ఇంత గొప్ప కట్టుబాటు ఇంత దూరం మోసుకొచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

మూడు వారాలు అయిపోయాయి. పని ఎలా చేశానని క్యాటరింగ్ వాళ్ళు అడిగితే కెప్టెన్ నిజాయితీగానే చెప్పాడట: మనిషి మంచివాడు, మొదట్లో అద్భుతంగా చేశాడు, చివర్లో సరుకు నాణ్యత పడిపోయింది. నన్ను ముషైరిబ్ పంపారు. మా ఆవిడ ఫోన్ చేసి, "నీడకే ఉన్నవా?" అని అడిగింది. ఉన్నానన్నాను. క్రేన్ నీడ అప్పుడే నా మీదుగా పోతోంది.

మరుసటి చలికాలం ఎనిమిదో అంతస్తు మీద చువ్వలు కడుతుంటే భాయ్ ఫోన్ చేశాడు. శిబిరం మళ్ళీ వేశారట. దుకాణం ఇంకా పెద్దదట. సముద్రానికి వంతు ఇవ్వడం అనేది ఈసారి రంగురంగుల కాగితాల మీద కూడా అచ్చువేశారట, అది చూడటానికే జనం వస్తున్నారట. దుకాణానికి కొత్త మనిషిని పెట్టారు, వేరే దేశంవాడు, నీడలో నిలబడి పోస్తాడు. చుక్కలు పొయ్యడం వచ్చింది కానీ నోటితో ఏమనాలో తెలియడం లేదు, కెప్టెన్ నీలాగే అచ్చంగా ఉండాలంటున్నాడు, ఆ మాట కొంచెం చెప్పు భాయ్ అన్నాడు.

తొడుగు విప్పి ఫోన్ చెవికి దగ్గరగా పెట్టుకున్నాను. ఆ కొత్తవాడు అవతల భాయ్ పక్కనే ఎదురుచూస్తున్నాడు. నేను ఒక్కొక్క ముక్కే విడదీసి చెప్పాను, వాడు వెనకాలే పలికాడు: తల్లీ, నీ వంతు నీకు. అది వాడికి వచ్చింది. మిగతా సగం కూడా ఉందా అని భాయ్ అడిగాడు. అంతేనని చెప్పి ఫోన్ పెట్టేసి, మళ్ళీ నడుం వంచాను.